లోపలికి తిరిగిన ముళ్లు

రేడియోలో బొమ్మ చూపించే వీల్లేదు. అందుకని ఈ రోజు మాట్లాడుకోబోయే వస్తువు ఎలా ఉంటుందో ముందు నోటితోనే చెప్పాలి. ఉక్కు తీగను వంచి చేసిన చిన్న చిన్న కొండీలు. ఒక్కో కొండీకి రెండేసి మొనలు. అలాంటి కొండీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి దండలా చేస్తారు. దండ రెండు కొసలనూ కలుపుతూ ఒక పొట్టి గొలుసు, ఆ గొలుసుకు తాడు. కుక్క మెడకు వేస్తే మొనలన్నీ లోపలికి, చర్మం వైపు తిరిగి ఉంటాయి. తాడు వదులుగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. కుక్క ముందుకు లాగినా, పట్టుకున్న మనిషి వెనక్కి గుంజినా దండ బిగుసుకుని మొనలన్నీ ఒక్కసారి మెడను గిచ్చుతాయి. దీన్ని ప్రాంగ్ కాలర్ అంటారు, పించ్ కాలర్ అని కూడా అంటారు. ముళ్ల బెల్టు అంటే దుకాణంవాడికీ అర్థమవుతుంది, మనకూ అర్థమవుతుంది. కాబట్టి అలాగే అందాం.

విశాఖలో దీన్ని చూడాలంటే పొద్దున్నే బీచ్ రోడ్డుకు వస్తే చాలు. వాహనాలను ఆపేసి రోడ్డంతా నడిచేవాళ్లకు వదిలేసే వేళ అది. మనుషులతో పాటు కుక్కలూ వాహ్యాళికి వస్తాయి. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, రాట్‌వైలర్లు, అప్పుడప్పుడూ ఒక సైబీరియన్ హస్కీ. మంచులో బండ్లు లాగడానికి పుట్టిన ఆ జాతిని, రెండు పొరల బొచ్చుతో సహా, మే నెల విశాఖ ఉక్కలోకి తెచ్చిపెట్టినవారి ధైర్యం గురించి ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు. ఉక్కునగరంలో చెట్ల నీడన ఉండే రోడ్ల మీదా, ఎంవీపీ కాలనీ సెక్టార్లలోనూ ఇదే ఊరేగింపు.

ఒక మామూలు సందర్భం ఊహించుకోండి. తాడుకు ఈ కొసన నలభై కిలోల రాట్‌వైలర్, ఆ కొసన ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన. పిల్లలు కొని, పెంచలేక, అమెరికా వెళ్తూ అప్పగించిన కుక్క అది. ఒక్క ఉదుటున లాగిందంటే ఆయన కింద పడతారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎవరో సలహా ఇస్తారు: "మాస్టారూ, ముళ్ల బెల్టు వెయ్యండి, రెండ్రోజుల్లో దారికొస్తుంది." వేస్తారు. దారికొస్తుంది. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ బెల్టు పనిచెయ్యదని వాదించేవాళ్లతోనూ ఏకీభవించను. పనిచేస్తుంది. పనిచేస్తుంది కాబట్టే అమ్ముడవుతోంది. ఏ దారిన పనిచేస్తుంది, పనిచేశాక కుక్క బుర్రలో ఏం మిగులుస్తుంది, అక్కడ నాకు పేచీ.

కుక్క మెడకు ముళ్లు తగిలించడం కొత్తేమీ కాదు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో వ్యవసాయం మీద పుస్తకం రాసిన రోమన్ పండితుడు వారో, గొర్రెల మందను కాచే కుక్కలకు మేకులు దిగ్గొట్టిన తోలు పట్టీ కట్టమన్నాడు. అయితే ఆ మొనలు బయటికి. మెడ పట్టుకోబోయిన తోడేలు నోటికి గుచ్చుకోవాలని. ఇనుము ఒత్తుకుని కుక్కకు బాధ కలగకుండా మేకుల తలల కింద మెత్తటి తోలు కుట్టించమని కూడా రాశాడు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది. ఆయనే ఇంకో మాటా అన్నాడు: అలా ఒకసారి గాయపడిన తోడేలు, పట్టీ లేని కుక్కల జోలికి కూడా రాదట. ఈ మాటను కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది. మన హిమాచల్ కొండల్లో గద్దీ కాపరుల కుక్కలకూ చిరుతపులి నుంచి కాపాడే ఇనప పట్టీలు కడతారు. అక్కడా ముళ్లు బయటికే.

ముళ్లు లోపలికి తిరిగిన కథ ఎక్కువగా సైన్యం, పోలీసులది. కొన్రాడ్ మోస్ట్ అనే జర్మన్ పోలీసు అధికారి 1910లో కుక్కల శిక్షణ మీద ఒక పుస్తకం రాశాడు. మెప్పు, బలవంతం రెండూ కలిసిన పద్ధతి ఆయనది. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో సైనిక కుక్కల శిక్షణకు అలాంటి పద్ధతులే ఆధారం. యుద్ధాలు అయ్యాక అవే ఇళ్లలోకి వచ్చాయి. ఇవాళ్టికీ ప్రపంచంలో పేరున్న ముళ్ల బెల్టు జర్మనీదే. ఇసెర్లోన్ అనే ఊళ్లో 1872లో మొదలైన హెర్మ్ స్ప్రెంగర్ కంపెనీ తయారుచేస్తుంది. ఇప్పుడు తమాషా చూడండి. అదే జర్మనీలో 2022 జనవరి 1 నుంచి, కుక్కకు నేర్పించేటప్పుడు ముళ్ల బెల్టుగానీ నొప్పి కలిగించే మరే సాధనంగానీ వాడడం నిషిద్ధం. ఆ నిబంధన అమల్లోకి రాగానే బెర్లిన్ పోలీసులు తమ రక్షణ కుక్కలను కొంతకాలం విధులకు దూరంగా ఉంచాల్సి వచ్చింది, పాత పద్ధతిలో తర్ఫీదైన కుక్కలు కాబట్టి. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ అంతకుముందే నిషేధించాయి. ఆస్ట్రేలియా దిగుమతే కానివ్వదు.

ఈ బెల్టును సమర్థించేవాళ్లందరూ కుక్కంటే గిట్టనివాళ్లేమీ కాదు. వాళ్ల వాదన ఇది: మామూలు చోక్ గొలుసు ఎంత లాగితే అంత బిగిసి గొంతు నులిమేస్తుంది, దీనికి బిగుతులో ఒక హద్దు ఉంది, ఒత్తిడి ఒక్కచోట కాకుండా మెడ చుట్టూ పడుతుంది. ఈ మాటలో నిజం ఉంది. చోక్ గొలుసు నిజంగానే దీనికన్నా ప్రమాదం. ఇక తల్లి కుక్క పిల్ల మెడను పంటితో పట్టి మందలించినట్టే ఇదీ పనిచేస్తుందని ఒక మాట చెబుతారు. అది నాకు మింగుడుపడదు. తల్లి ఒకసారి గుర్రుమని వదిలేస్తుంది. రోజూ గంటసేపు మెడ పట్టుకుని షికారు తిప్పదు కదా.

మెడ చర్మం సంగతి చూద్దాం. పైన దట్టంగా బొచ్చు ఉంటుంది కాబట్టి కుక్క చర్మం మందమని అనుకుంటాం. కానీ చర్మం పైపొరలో మనిషికి పది పదిహేను వరుసల కణాలుంటే కుక్కకు మూడు నుంచి అయిదు వరుసలే. ఆ చర్మం కిందే శ్వాసనాళం, థైరాయిడ్ గ్రంథి, తలకు వెళ్లి వచ్చే రక్తనాళాలు. 2006లో అచ్చయిన ఒక పశువైద్య పరిశోధనలో, కుక్క మెడపట్టీ మీద భారం వేసి లాగినప్పుడు కంటి లోపలి ఒత్తిడి పెరిగినట్టు తేలింది. ఛాతీకి కట్టే హార్నెస్ మీద లాగినప్పుడు పెరగలేదు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయంవాళ్లు 2020లో కృత్రిమ మెడ మీద రకరకాల పట్టీలు బిగించి లాగి చూశారు. మెత్త కుట్టిన వెడల్పాటి పట్టీ కూడా గట్టి గుంజుడుకు మెడను గాయపరచేంత ఒత్తిడి తెస్తుందని చెప్పారు. మెత్తటి పట్టీ సంగతే అలా ఉంటే ఉక్కు మొనల సంగతి చెప్పాలా?

దానికి తోడు మన ఊరి గాలి. సముద్రపు ఉప్పు, పైన తేమ. రేవు దగ్గర ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో విశాఖవాసులకు ఒకరు చెప్పక్కర్లేదు. చవక రకం ముళ్ల బెల్టుకు పైన తళతళలాడే పూత కొన్నాళ్లకే పోతుంది. పూత పోయిన మొన గరుకుగా తయారవుతుంది. చెమ్మగా ఉండే బొచ్చు కింద ఆ గరుకు రాసుకుంటే పుండు పడుతుంది, చీము పడుతుంది, పైకి కనిపించదు. వాసన వచ్చినప్పుడే తెలుస్తుంది. రాత్రీ పగలూ తియ్యకుండా ఉంచేస్తే ఇంకా ప్రమాదం. బెల్టును గట్టిగా సమర్థించే శిక్షకులు కూడా దీన్ని వేసి కట్టెయ్యకూడదని, కుక్కను ఒంటరిగా వదిలెయ్యకూడదని, కుక్కపిల్లకు అసలే వెయ్యకూడదని చెబుతారు. మన గేట్ల దగ్గర జరిగేది సరిగ్గా ఆ మూడు పనులే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొండీలు ఒకదాంట్లోంచి ఒకటి ఊడొచ్చేలా చేసినవే కాబట్టి, గట్టిగా గుంజినప్పుడు ఒక్కోసారి బెల్టు మొత్తం విడిపోతుంది. అప్పుడు తాడు మీ చేతిలో ఉంటుంది, కుక్క రోడ్డు మధ్యలో ఉంటుంది.

శరీరం సంగతి అలా ఉంచండి, మనసు సంగతి నాకు ఇంకా ముఖ్యం. వారో చెప్పిన తోడేలును గుర్తు చేసుకోండి. దానికి గాయం చేసింది పట్టీకున్న మేకు. అది భయపడటం మొదలుపెట్టింది కుక్కలన్నిటికీ. నొప్పి నేర్పే పాఠం అలా పక్కకు పాకుతుంది. మన వీధుల్లో ఏం జరుగుతుందో చూడండి. ప్రతి సందుకూ ఒక వీధికుక్కల గుంపు ఉంటుంది, ప్రతి గుంపుకూ ఒక సరిహద్దు ఉంటుంది. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసిన వీధికుక్కను పట్టిన చోటే తిరిగి వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి ఆ సరిహద్దులూ అలాగే ఉంటాయి. మీ పెంపుడు కుక్క ఆ సరిహద్దులు దాటుకుంటూ నడవాలి. ఎదురుగా ఒక వీధికుక్క కనిపిస్తుంది. మీదాన్ని ఆదుర్దా పట్టుకుంటుంది, ముందుకు ఉరుకుతుంది. అదే క్షణంలో మెడకు సూదులు దిగినట్టవుతుంది. దాని లెక్కలో నొప్పి ఎక్కడి నుంచి వచ్చింది? మీ చేతిలోంచి అనుకోవచ్చు. కంటికి కనిపిస్తున్న ఆ రెండో కుక్క నుంచి అనుకోవడానికే ఎక్కువ అవకాశం. అలా నెల గడిస్తే వీధికుక్క కనిపించగానే, నొప్పి రాకముందే, మీద పడాలన్నంత కోపం దానికి పుడుతుంది. అప్పుడు యజమాని ఇంకా గట్టిగా గుంజుతాడు. ఆ వీధికుక్క బదులు సైకిల్ మీద వెళ్లే పిల్లవాణ్ని పెట్టి చూడండి, నా భయం ఏమిటో తెలుస్తుంది.

మరో రకం కుక్కలుంటాయి. అవి కోపం తెచ్చుకోవు, ముడుచుకుపోతాయి. తల దించుకుని యజమాని మడమ దాటకుండా నడుస్తాయి. చూసేవాళ్లు ఎంత బుద్ధిమంతురాలో అంటారు. గుర్రుమనడం కుక్కకు ఉన్న హెచ్చరిక గంట. దాన్ని నొప్పితో నొక్కేస్తే మోగడం మానేస్తుంది, భయం మాత్రం పోదు. చెప్పాపెట్టకుండా కరిచింది అనే మాట వింటుంటాం. అలాంటి కొన్ని కుక్కలు అంతకుముందు చెప్పి చెప్పి దెబ్బలు తిన్నవే. పోర్చుగల్‌లో ఏడు శిక్షణ బడుల నుంచి 92 పెంపుడు కుక్కలను తీసుకుని చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. తాయిలంతో నేర్పే బడుల కుక్కలకన్నా, గుంజడం, గద్దించడం, నొప్పి కలిగించే పట్టీలు వాడే బడుల కుక్కల్లో శిక్షణ వేళ దిగులు లక్షణాలు ఎక్కువ కనిపించాయి. శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో ఒత్తిడి హార్మోను కూడా ఎక్కువ పెరిగింది.

నొప్పి లేకుండా పెద్ద జంతువుకు ఎలా నేర్పిస్తారు అంటారా? మన ముందున్న సముద్రాన్నే అడగొచ్చు. డాల్ఫిన్‌కు బెల్టు వెయ్యలేరు, తాడు కట్టలేరు, కొట్టబోతే ఈదుకుంటూ వెళ్లిపోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ జంతువులకు ఎలా నేర్పాలో వివరిస్తూ 1951లో ఒక పత్రికా వ్యాసం రాశాడు. సరైన పని చేసిన క్షణాన్నే ఒక చిన్న చప్పుడుతో గుర్తించి, వెంటనే తిండి ఇవ్వడం అందులో కీలకం. 1960ల్లో హవాయి దీవుల్లో కేరెన్ ప్రయర్ అనే శిక్షకురాలు డాల్ఫిన్‌లకు నేర్పింది ఈల, చేప ముక్కలతోనే. తర్వాత ఆమె 1984లో పుస్తకం రాసి ఆ పద్ధతిని కుక్కల యజమానుల దగ్గరికి చేర్చింది.

అంత దూరం ఎందుకు, మన రైల్వే స్టేషన్లో, విమానాశ్రయంలో సామాన్లు వాసన చూసే కుక్కలను గమనించండి. పేలుడు పదార్థం వాసన పట్టిన కుక్క మొరగదు, గీకదు, నెమ్మదిగా కూర్చుంటుంది. ఎందుకంటే అలా కూర్చుంటే తన బంతి తనకు దొరుకుతుందని దానికి తెలుసు. ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి మూటలను పట్టించే కుక్కకూ అంతే, అది దానికి ఆట. మెడ గిచ్చి ఎవరూ ఎవరి ముక్కుతోనూ పనిచేయించలేరు. దొంగ మీదికి దూకే రక్షణ కుక్కల శిక్షణలో నొప్పి పద్ధతులు చాలా దేశాల్లో ఇంకా ఉన్నాయి, అది నిజమే. మీ ఇంట్లో లాబ్రడార్‌కు ఆ ఉద్యోగం లేదు.

మన చట్టం ఏమంటుందో చూస్తే కొంచెం విచిత్రంగా ఉంటుంది. బరువు లాగే, మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనల్లో, వాటిని తోలడానికిగానీ అదుపులో ఉంచడానికిగానీ ముల్లున్న కర్ర, ముల్లున్న కళ్లెం, గాయం చేసే మరే పనిముట్టూ వాడకూడదని స్పష్టంగా ఉంది. అంటే ఎద్దుకు ముల్లుగర్ర నుంచి, గుర్రానికి ముళ్ల కళ్లెం నుంచి కాగితం మీదైనా రక్షణ దొరికి అరవై ఏళ్లు అయింది. మన దగ్గర కుక్క బండి లాగదు కాబట్టి ఆ నిబంధనలోకి రాదు. దానికి మిగిలింది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం. ఆ చట్టం అనవసరమైన బాధ పెట్టకూడదంటుంది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా నేరమే అంటుంది. శిక్ష? మొదటిసారి అయితే పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా. బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కూడా ఇప్పుడు ఆ లెక్కలోకి వచ్చేసింది. మన రైతులు మాత్రం చట్టం రాకముందే ఒకటి గ్రహించారు. పనితనం ఉన్న రైతు చేతిలో ముల్లుగర్ర ఉన్నా అది ఎద్దును తాకేది అరుదు. ఎలపటెద్దూ దాపటెద్దూ అదిలింపు వినే మళ్లేవి. ఎద్దు వీపు నిండా మచ్చలుంటే ఊళ్లో అనేది ఎద్దును కాదు, తోలేవాణ్ని.

చట్టంలో కట్టేసిన కుక్క మాట వచ్చింది కదా, అసలు కిటుకు అక్కడే ఉంది. కుక్క ఎందుకు లాగుతుంది? ఇరవై మూడు గంటలు గేటుకో మేడ మీద గదికో బందీగా ఉండి, ఒక్క గంట బయటికొస్తే లాగక ఏం చేస్తుంది? ఆ గంటలో కూడా దాన్ని వాసన చూడనివ్వం, ఆగనివ్వం, మన నడక మనది. ముళ్ల బెల్టు ఈ లాగుడును ఆపేసి, దాని వెనకున్న కారణాన్ని మన కంటికి కనిపించకుండా చేస్తుంది. అందుకే నాకు దానిమీద కోపం.

ఇక ఆ పెద్దాయనకు ఏం చెప్పాలి? ఆయన తుంటి కూడా ముఖ్యమే. ఛాతీ ముందు భాగంలో తాడు తగిలించే రింగు ఉన్న హార్నెస్ దొరుకుతుంది. కుక్క లాగితే దాని బలం దాన్నే పక్కకు తిప్పేస్తుంది, మెడ మీద ఏ భారమూ పడదు. ఉప్పు గాలికి తుప్పు పట్టని నైలాన్‌ది, మెత్త ఉన్నది తీసుకోండి. వేసిన మొదటి రోజు బయటికి వెళ్లకండి. ఇంట్లోనే తొడిగి, తాయిలం పెట్టి, తీసెయ్యండి. తర్వాత వరండాలో నాలుగడుగులు. తాడు వదులుగా ఉన్నప్పుడల్లా ఉడకబెట్టిన కోడిమాంసం ముక్కో గుడ్డు ముక్కో మీ మోకాలి పక్కన అందించండి. ఎండుచేప వద్దు, ఉప్పు ఎక్కువ. లాగిన క్షణాన మీరు స్తంభంలా నిలబడిపోండి. తాడు వదులైతేనే అడుగు పడుతుందని దానికి తెలియాలి. మొదటి వారం మీరు వీధి చివర దాకా కూడా చేరకపోవచ్చు, చుట్టుపక్కలవాళ్లు నవ్వవచ్చు. వీధికుక్క దూరంగా కనిపించినప్పుడు, మీది ఇంకా ఉరకకముందే, రోడ్డు అవతలికి మళ్లి ముక్క పెట్టండి. కొన్నాళ్లకు వీధికుక్క కనిపిస్తే అది మీ మొహం వైపు చూస్తుంది. నొప్పి పాకినట్టే ఇదీ పాకుతుంది. ఎండ ఎక్కకముందే తిప్పండి. దారిలో స్తంభాన్నీ పొదనూ వాసన చూడనివ్వండి, దానికి అది దినపత్రిక చదువుకోవడం లాంటిది.

ఇప్పటికే ముళ్ల బెల్టు వేసి ఉంచినవాళ్లు ఈ ప్రసంగం అవగానే దాన్ని తీసి, బొచ్చు పాయలుపాయలుగా విడదీసి వెలుతుర్లో మెడ చూడండి. ఎర్రగా ఉన్నా, చెమ్మగా ఉన్నా, చెయ్యి వేస్తే కుక్క తప్పించుకుంటున్నా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. కుక్క ఇప్పటికే మనుషుల మీదికి వెళ్తుంటే మాత్రం ఈ చిట్కాలతో సరిపెట్టుకోకండి, మంచి శిక్షకుడు కావాలి. మన దేశంలో ఆ వృత్తికి లైసెన్సు తప్పనిసరి కాదు. బోర్డు కట్టినవాడల్లా శిక్షకుడే. అందుకని డబ్బు కట్టేముందు ఆయన్ని మర్యాదగానే అడగండి: "మా కుక్క సరిగ్గా చేస్తే ఏమిస్తారండీ? తప్పు చేస్తే ఏం చేస్తారు? నేర్పించేటప్పుడు నేను పక్కనే ఉండొచ్చా?" అని. "మీరుంటే మాట వినదండీ, నెల్లాళ్లు మా దగ్గర వదిలేసి వెళ్లండి" అన్నారా, కుక్కను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చెయ్యండి.